మచ్చలు తీయవలెను

నేను చేయించిన మొదటి పెద్ద ప్రింట్‌లో మా నాయనమ్మకి ముక్కుపుడక లేదు.

కాకినాడ ల్యాబ్ నుంచి ఆ కవరు పట్టుకుని బస్సు దిగి, ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని మరీ ఆవిడకిచ్చాను. పన్నెండంగుళాల చదరం. నాయనమ్మ దాన్ని అరుగు మీదికి తీసుకెళ్ళి, వెలుతురుకి తిప్పి చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో, ఫోన్‌లో వీడియో తీద్దామా అని కూడా అనుకున్నాను (నిజం చెప్పేస్తున్నాను). ఆవిడ తలెత్తి, "మరి నా పుడకేదే?" అంది.

"ఆ రోజు పెట్టుకోలేదేమో నాయనమ్మా."

"పెట్టుకోకపోవడమేంటి? అక్కకి పెళ్ళిచూపుల ఫొటో తీయించడానికెళ్ళి, ఆ వారమే నాకు పుడక చేయించేడని, అది కనపడాలని నాకూ ఒకటి తీయించేడు మా నాన్న."

లోపలికెళ్ళి నెగటివ్‌ని కిటికీకి అడ్డం పెట్టి భూతద్దంతో చూశాను. ముక్కు పక్కన ఆవగింజలో సగం ఉన్న నల్లటి చుక్క. నెగటివ్‌లో నలుపంటే ఫొటోలో తెలుపు, అంటే మెరుపు. పుడక అక్కడే ఉంది. 1966 నుంచీ ఉంది. తీసేసింది నేనే.

అంతకు నెల ముందు, 2024 వేసవి సెలవులకి యానాం వచ్చాను. హైదరాబాద్‌లో ఫొటోగ్రఫీ చదువుతున్నాను, మూడో సంవత్సరం. ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్‌ని దుప్పట్లో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. సెమిస్టర్ ప్రాజెక్టుకి పాత ఆల్బమ్ ఏదైనా దొరక్కపోతుందా అని ఆశ.

మా వీధి చివర ఒక ఫొటో స్టూడియో ఉండేది. డిజిటల్ వచ్చాక మూతపడింది. దాని యజమానిని వీధంతా స్టూడియో తాతగారు అంటాం. ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డారు. నేను వచ్చానని తెలిసి పిలిపించి, మంచం కింద నుంచి రెండు రేకు పెట్టెలు లాగమన్నారు. నిండా నెగటివ్‌లు.

"మొన్న ఇరవైరెండు జులై వరదకి ఇవి అటకెక్కించేసరికి నా పనైపోయింది. ఇంకో వరదొస్తే ఎక్కించేవాడు లేడు. నువ్వు పట్టుకుపో బుల్లీ."

ఆ పెట్టెల్లో ఊరంతా ఉంది. పెళ్ళిళ్ళు, అక్షరాభ్యాసాలు, చర్చి ముందు తెల్ల గౌన్లలో ఆడపిల్లలు, 1962 తర్వాత ఫ్రెంచి జాతీయత ఎంచుకున్నవాళ్ళ పాస్‌పోర్టు ఫొటోలు, బాలయోగి వారధి కట్టక ముందు రేవులో పంటు కోసం నిలబడ్డ జనం.

కాలేజీలో మాకు ఫొటోగ్రఫీ చరిత్ర 1839తో మొదలవుతుంది. ఆ ఆగస్టు 19న పారిస్‌లో డాగెరోటైప్ పద్ధతిని లోకానికి వెల్లడించారు. క్లాసులో ఆ సంవత్సరం వినగానే నాకు మాత్రం వేరే సంగతి గుర్తొచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే మా పక్కనున్న కోరంగి రేవుని ఉప్పెన ముంచేసింది. ఆ రేవు మళ్ళీ కోలుకోలేదు. అప్పటికి యానాం ఫ్రెంచివాళ్ళదే. అయినా పారిస్ నుంచి కెమెరా వచ్చేలోపు సముద్రం నుంచి నీళ్ళొచ్చాయి. మా దగ్గర ఫొటోలు దాచుకోవడమంటే ఇప్పటికీ నీళ్ళ నుంచి దాచుకోవడమే. మా ఇంట్లో గోడ మీది ఫ్రేములన్నీ 1996 నవంబరు తుఫానులో, పెంకులెగిరిపోయిన రాత్రి, తడిసి ముద్దయిపోయాయి. అందుకే రేకు పెట్టెలో మా నాయనమ్మవాళ్ళ ఇంటిపేరున్న కవరు కనబడగానే నా గుండె ఝల్లుమంది.

ఇక తప్పుల సంగతి.

మొదటిది ఉత్త లెక్కల తప్పు. "ప్రింటుకి 300 డీపీఐ ఉండాలి" అని ఎక్కడో విని, స్కానర్‌లో 300 నొక్కి, ఒక రోజంతా కూర్చుని నలభై నెగటివ్‌లు స్కాన్ చేశాను. అవన్నీ 120 ఫిల్మ్ మీద తీసినవి. బొమ్మ ఇటూ అటూ 56 మిల్లీమీటర్లు. ఆ లెక్కన నాకొచ్చింది 660 పిక్సెళ్ళు. ప్రింట్ తీస్తే మళ్ళీ నెగటివ్ అంతే వస్తుంది. కాగితం మీద అంగుళానికి 300 చుక్కలు కావాలంటే, చిన్న నెగటివ్ నుంచి ముందు చాలా ఎక్కువ తోడుకోవాలి. 2400 దగ్గర పెడితే 5,300 పిక్సెళ్ళొచ్చాయి. అంటే పదిహేడున్నర అంగుళాల ప్రింటుకి సరిపడా. నలభై మళ్ళీ చేశాను.

రెండోది గోదారి. రేవులో పడవలు, అవతల ఎదుర్లంక కొబ్బరిచెట్ల వరస. చాలా అందమైన ఫొటో. దాన్ని ట్యాబ్‌లో పెట్టుకుని మా వీధిలో పడవ తాతకి చూపించాను. ఆయన కాసేపు చూసి, "ఇదేటమ్మా, గోదారి ఎనక్కి పారతంది?" అన్నాడు.

నేను తెలివిగా, "పోటెక్కినప్పుడు నీళ్ళు వెనక్కే వస్తాయి కదా తాతా" అన్నాను.

"నీళ్ళొత్తాయి. రావిచెట్టు కూడా వొత్తదేటి?"

యానాం ఒడ్డున ఎదుర్లంక వైపు తిరిగి నిలబడితే సముద్రం ఎడమచేతి వైపుంటుంది. నేను దాన్ని కుడిచేతి వైపుకి తెచ్చేశాను. నెగటివ్‌కి ఒక వైపు నునుపుగా మెరుస్తుంది, రెండోవైపు మసకగా ఉంటుంది. ఆ మసక వైపే బొమ్మ ఉండే పూత. దాన్ని తిరగేసి పెడితే లోకం అద్దంలోలా తిరగబడుతుంది. ఫిల్మ్ అంచున ఊటీలో తయారైన 'ఇందు' ఫిల్మ్ పేరు, అంకెలు ఉంటాయి. అవి తిన్నగా చదవగలిగితే తిన్నగా ఉన్నట్టు. స్కానర్ చట్రం ఆ అంచుల్ని కప్పేసింది, నేనూ చూడలేదు. ఫొటోలో బోర్డు గానీ, పేరు గానీ ఉంటే వెంటనే తెలిసేది. లేకపోబట్టి, ఆ రేవులో యాభై ఏళ్ళు పడవ నడిపిన మనిషి కావాల్సొచ్చింది.

మూడోది పుడక. స్కానర్‌లో దుమ్ము తీసే బటన్ ఒకటుంటుంది. అది ఫిల్మ్ గుండా పరారుణ కాంతిని పంపుతుంది. కలర్ ఫిల్మ్‌లో బొమ్మ రంగుల పొరలుగా ఉంటుంది కాబట్టి ఆ కాంతి దాటి వెళ్ళిపోతుంది, దుమ్ము దగ్గరే ఆగుతుంది. ఎక్కడ ఆగిందో అక్కడ దుమ్మున్నట్టు లెక్కేసుకుని, పక్కనున్న చర్మాన్నో గోడనో తెచ్చి అతికేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మంతా వెండే. వెండి దగ్గర కూడా ఆ కాంతి ఆగిపోతుంది. వెండి బాగా పేరుకున్న చోటు ఫొటోలో బాగా మెరిసే చోటు. మా ముత్తాత కూతురికి ముచ్చటపడి చేయించిన పుడక, ఆ యంత్రం దృష్టిలో అన్నిటికన్నా పెద్ద దుమ్ము.

నిజానికి కళ్ళలో మెరుపూ పోయింది, చెవి దిద్దులూ అలుక్కుపోయాయి. నేను గమనించలేదు. ఎంత శుభ్రంగా వచ్చిందో అని మురిసిపోయాను.

అది కాక ప్రింటు కూడా పాడే. మొహాలు నల్లబడి, మీద సన్నగా పచ్చదనం. రాత్రిపూట చీకటి గదిలో లాప్‌టాప్ వెలుగు పూర్తిగా పెట్టుకుని దిద్దితే, వెనకనుంచి వెలిగే తెర మీద అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. కాగితానికి తన సొంత వెలుగు లేదు, మీద పడింది తిప్పి పంపడమే. పైగా కలర్ పేపర్ మీద బ్లాక్ అండ్ వైట్ వేస్తే, మూడు రంగులు సమంగా కలిస్తేనే బూడిదరంగు అవుతుంది. ఏది కాస్త అటూ ఇటూ అయినా పచ్చబడటమో గులాబీ అవడమో. అప్పటినుంచీ పెద్ద ప్రింటుకి ముందు ఒకే మొహాన్ని ఆరు ముక్కలుగా, ఒక్కోటి కాస్త తేడాగా, ఒకే చిన్న కాగితం మీద వేయించి, పొద్దుటి పూట అరుగు మీద కూర్చుని చూసి ఎంచుకుంటున్నాను. ఎంచేది నాయనమ్మే. నాలుగో ముక్క దగ్గర వేలు పెట్టి "ఇదీ నా రంగు" అంది. రెండోసారి పుడకతో సహా వచ్చింది.

ఇవన్నీ దిద్దుకోగలిగిన తప్పులు. డబ్బు పోతుంది, రోజులు పోతాయి, అంతే. కానీ దిద్దుకోలేనిది ఒకటి చేశాను.

అదే కవరులో రెండో నెగటివ్ నాయనమ్మ వాళ్ళక్కది, మా పెద్ద నాయనమ్మది. ఆవిడ మాతోనే ఉండేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయింది. ఆవిడ ఒళ్ళో పడుకుని బుగ్గల మీది స్ఫోటకం మచ్చలు లెక్కపెట్టేదాన్ని. ముప్పై దాటేలోపు నిద్రపట్టేసేది. ఆ నెగటివ్ దొరకగానే ఆగలేక, కిటికీకి పట్టుకుని ఫోన్‌తో తీసి, రంగులు తిరగేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. చిన్నగా, మసగ్గా ఉంది. అందరూ దండాలు పెట్టారు.

తర్వాత స్కానింగ్‌కి కూర్చున్నాను. మొహం ఉన్న చోట, మసక వైపున, ఏదో బూడిదరంగు మురికి. ఏటవాలుగా చూస్తే సన్నటి గీతల్లా ఉంది. బూజో, నూనె చేతులో అనుకున్నాను. దుమ్ము తీసే బటన్ సంగతి తెలిసిపోయింది కదా, ఈసారి చేత్తోనే శుభ్రం చేద్దామని దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది మెల్లగా తుడిచాను. దూది బూడిదరంగైంది. ఇంకోసారి తుడిచాను. నెగటివ్ తళతళలాడింది.

స్కాన్‌లో పెద్ద నాయనమ్మ నావైపు చూసింది. ఒక్కో మచ్చా లెక్కపెట్టుకోవచ్చు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, తలనిండా కనకాంబరాలు, బిగపట్టిన పెదాలు, ఆ బుగ్గలు. నేను ఏడ్చేశాను. ఆ రాత్రే మా మాస్టారికి పంపాను. "నీ ప్రాజెక్టు ఇదే. డిస్‌ప్లేలో మధ్యలో పెడదాం" అని జవాబొచ్చింది. ఆ మెసేజ్‌ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను.

మర్నాడు ట్యాబ్ తీసుకుని స్టూడియో తాతగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన చూసి మెచ్చుకోలేదు. "దీని మీద నాన్నగారి పెన్సిలుండాలే" అన్నారు.

"పెన్సిలా?"

"కవరేదీ?"

కవర్లన్నీ పారేద్దామని ఒక సంచిలో పడేశాను. పాత కాగితంలో ఆమ్లం ఉంటుంది, నెగటివ్‌లని తినేస్తుంది, కొత్తవాటిలోకి మార్చాలని చదువుకున్నాం. అది నిజమే. కానీ మార్చడమూ పారేయడమూ ఒకటి కాదు. ఇంటికెళ్ళి తలుపు వెనక సంచి తిరగేసి వెతికాను. ఇంటిపేరు, అంకె, దాని కింద ఇంకు పెన్నుతో గుండ్రటి అక్షరాలు: "రెండు కాపీలు. పెద్దమ్మాయికి మచ్చలు తీయవలెను."

తాతగారు వాళ్ళ నాన్నగారి బల్ల చూపించారు. ఏటవాలు చెక్క, మధ్యలో గరుకు గాజు, కిటికీ వెలుతురుని కిందనుంచి పైకి కొట్టడానికి ఒక అద్దం. నెగటివ్‌కి ముందు వార్నిష్ లాంటి మందు పల్చగా రాస్తారు, లేకపోతే పెన్సిలు పట్టదు. గట్టి పెన్సిలుని గరుకు కాగితం మీద సూదిలా అరగదీస్తారు. ఫొటోలో నల్లగా పడే గుంట నెగటివ్‌లో పల్చగా ఉంటుంది. ఆ పల్చటి చోటుని చిన్న చిన్న గీతలతో పక్కదానికి సమానంగా నింపాలి. ఎక్కువైతే తెల్లటి పొక్కులా కనిపిస్తుంది. "ఒక మొహానికి పూట పట్టేది. ఈ అమ్మాయికి రెండ్రోజులు కూర్చున్నారు నాన్నగారు" అన్నారు.

ఆ రెండు రోజుల పనిని నేను రెండు నిమిషాల్లో దూదితో తుడిచేశాను.

ఫొటోలు దిద్దడం కంప్యూటర్‌తో వచ్చింది కాదని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. డాగెరోటైప్‌ల మీదే రంగులద్దేవారని, మన దేశంలో ఫొటోల మీద పెయింటింగ్ వేసే స్టూడియోలుండేవని అన్నీ తెలుసు. తెలిసినది కళ్ళెదురుగా కనబడితే మురికి అనుకున్నాను.

నాయనమ్మకి చెప్పక తప్పలేదు. చెప్పి, సమర్థించుకుందామని, "అయినా నాకు తెలిసిన పెద్ద నాయనమ్మ ఇలాగే ఉండేది కదా, ఇదే నిజం కదా" అన్నాను.

ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆపలేదు.

"ఆ ఫొటో చూసి అవతలి ఒడ్డునుంచి పెళ్ళివారొచ్చేరు. ఫొటో ఒకటి, పిల్ల ఒకటి అని వెళ్ళిపోయేరు. మా నాన్న ఆ ఫొటో చింపేస్తానన్నాడు. అక్క ఇవ్వలేదు. అమ్మవారు పోయకముందు నేనిలా ఉండేదాన్ని, ఇది నా మొహమే అంది. ఆ తర్వాత ఇంక పెళ్ళీ లేదు, పెడాకులూ లేదు. తుఫానుకి ఇంటి కప్పెగిరిపోతే ఏడవలేదే అది. ఆ ఫ్రేము తడిసిపోయిందని ఏడ్చింది."

కొంచెం ఆగి, "నీకు తెలిసిందే అక్కంతా అనుకోకు" అంది.

"మా మాస్టారికి బాగా నచ్చింది నాయనమ్మా. హైదరాబాద్‌లో పెడతారు."

"ఆయనకి నచ్చితే? దానికి నచ్చాలి కదా."

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ మచ్చల ప్రింటే మంచి ఫొటో. ఇప్పటికీ అదే అనుకుంటాను. మాస్టారి తప్పు కూడా లేదు. ఆయనకి కవరు మీద రాసింది తెలీదు. నాకు తెలుసు. మచ్చలు తీయించుకోవాల్సిన అవసరం ఆవిడకెందుకొచ్చిందని కోప్పడే హక్కు నాకుండొచ్చు. ఆ కోపాన్ని ఆవిడ మొహం మీద పెట్టి పదిమందికి చూపించే హక్కు మాత్రం నాకెవరిచ్చారు?

మూడో రోజు తాతగారి దగ్గరికి లాప్‌టాప్ తీసుకెళ్ళాను. ఆయన చేతులు వణుకుతాయి, పెన్సిలు పట్టలేరు. నెగటివ్‌ని మళ్ళీ ముట్టుకునే ధైర్యం నాకు లేదు. స్కాన్‌ని అలాగే ఉంచి, దాని మీద వేరే పొర వేసుకుని దిద్దడం మొదలుపెట్టాను. గ్రూపులో పెట్టిన ఆ మసక ఫొటోని పక్కన తెరిచి పెట్టుకున్నాం. పెన్సిలు పని ఎలా ఉండేదో చెప్పడానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే. అందులో ఆవిడ ఫొటో తొమ్మిది వందల పిక్సెళ్ళు. మంచిగా ప్రింట్ తీస్తే మూడంగుళాలకి మించదు.

మొదట టూల్‌తో ఒక్కో మచ్చా నొక్కి మాయం చేశాను. తాతగారు అడ్డుపడ్డారు. "అలా తీసేస్తే మొహం పిండిముద్దైపోద్ది బుల్లీ. గుంటనే నింపాలి. చర్మాన్ని ఉంచాలి." మళ్ళీ మొదటికొచ్చి, అతి చిన్న బ్రష్‌తో, అతి తక్కువ వెలుగుతో గీత మీద గీత. ఆయన వేలు తెర మీద ఆనించి, "ఇక్కడ చాలు, ఇక్కడ ఇంకొక్కటి" అంటూ కూర్చున్నారు. నాలుగు సాయంత్రాలు పట్టింది. వాళ్ళ నాన్నగారి పనంత బాగా రాలేదు. ఎడమ బుగ్గ దగ్గర తెలిసిపోతుంది.

ఇప్పుడు అది మా ఇంట్లో గోడ మీద, వాన పడినా తడవని వైపు ఉంది. పక్కనే ఆ మూడంగుళాల ఫోన్ ఫొటో ప్రింట్ కూడా ఫ్రేము కట్టించాం. నాయనమ్మ పెద్దదాని వైపు చూసి "బానే ఉంది" అంటుంది గానీ, పూలు మాత్రం చిన్నదానికి పెడుతుంది.

మచ్చల ప్రింట్ ఒకటే ఒకటి తీసి నా దగ్గర పెట్టుకున్నాను. డిస్‌ప్లేకి గోదారి ఫొటో పంపాను, తిన్నగా పారేది. మాస్టారు ఎందుకని అడిగారు. చెప్పాను. ఆయన ఇంకేం అడగలేదు. మార్కులు మామూలుగానే వచ్చాయి.

ఇప్పుడు పద్ధతి మార్చాను. ముందు కవరు రెండు వైపులా స్కాన్ చేస్తాను. తర్వాత నెగటివ్‌ని తుడవకుండా, ఊదకుండా, ఉన్నదున్నట్టు ఒకసారి. బొమ్మ ఉన్న వైపుని ఏటవాలు వెలుగులో ఫోన్‌తో ఒకసారి. ఆ తర్వాతే బ్రష్. కవర్లకి వేరే పెట్టె కొన్నాను.

నిన్న ఒక కవరు తీశాను. మీద పేరు చెదలు తినేసింది. కింద అవే గుండ్రటి అక్షరాలు: "బాబుకు కళ్ళు తెరిచినట్లు దిద్దవలెను." ఫొటో తీసే వేళకి పిల్లాడు నిద్రపోతున్నాడేమో. కాకపోతే ఏమిటో ఆలోచించడానికి భయమేసింది. నెగటివ్ ఇంకా బయటికి తీయలేదు. రేపు పొద్దున్న తాతగారిని అడిగాక తీస్తాను.